నాచారం ల్యాబ్‌లో అసలు లోడు

2009 జూన్. ఉదయం ఎనిమిదింటికి ఉప్పల్ రింగురోడ్డు మీద నంబర్ ప్లేటు లేని లారీ ఒకటి టెస్ట్ ఇంజనీర్ ఉప్పలయ్యను గుద్ది చంపి ఆగకుండా పోయింది.

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ హృషికేశ్ ఇంటెలిజెన్స్ చీఫ్ చిదంబరం ఎదుట ఉన్నాడు.

"నాచారం డిఫెన్స్ ల్యాబ్ రాడార్ల కోసం స్టోరేజ్ సర్వర్ కొంటోంది. అమ్మేవాళ్ళ వెనక విదేశీ ముఠా ఉంది. కన్సల్టెంట్ స్నిగ్ధ చేసిన బెంచ్‌మార్క్‌లో, అంటే వేగ పరీక్షలో, ఆ సర్వర్‌కు నూటికి నూరు. ల్యాబ్‌లో ఉప్పలయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. రేపు పదకొండింటికి డైరెక్టర్ సంతకం."

రెండేళ్ళ కిందటి దాకా స్నిగ్ధ ఇదే ఆఫీసులో హృషికేశ్ పక్క సీటు.

ఆ సాయంత్రం రామంతాపూర్‌లో ఉప్పలయ్య భార్య తారామణి ఒక పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టింది.

"రోజూ అన్నం తినుకుంట గిదే చెప్పెటోడన్నా. ఆ టెస్టుల ఒక్క పెద్ద ఫైల్‌ను వరసగ సదివిస్తున్నరంట. రాడార్ పని గట్లుండదట. వేల చిన్న చిన్న ముక్కలు రాసుడు, అన్నీ ఒక్కసారే, యాడ పడితే ఆడ. పాత సర్వర్ మీద ఒక దినమంత నడిచిన అసలు లోడు, రాడార్ పెట్టిన పనంత, గీ పెన్‌డ్రైవ్‌ల పట్టిండు. జర నడిపి సూడు."

మర్నాడు తొమ్మిదింటికి ఏసీ మెకానిక్ ఖాకీ చొక్కాలో హృషికేశ్ సర్వర్ రూంలోకి దూరాడు. ఆ లోడును పరీక్షకు తెచ్చిన కొత్త సర్వర్ మీద మళ్ళీ నడిచేలా రీప్లే పెట్టాడు. పది దాటింది. స్పీడ్ తగ్గలేదు. పదిన్నర. అయినా తగ్గలేదు. ఉప్పలయ్య పొరబడ్డాడా?

తలుపు తెరుచుకుంది. పట్టుచీర, చేతిలో పిస్టల్. స్నిగ్ధ.

"ఖాకీ నీకు నప్పలేదు హృషీ."

"ఏ టూల్ వాడాలో నీకు తెలుసు. తెలిసే తప్పుది వాడావు."

"వాళ్ళకు మంచి నంబర్ కావాలి. ఇచ్చాను."

"ఉప్పలయ్యకు ఏమిచ్చావు?"

ఆమె చూపు స్క్రీన్ మీదికి పోయింది. అప్పటిదాకా రాతలను తాత్కాలికంగా దాచుకుంటూ వచ్చిన కాష్ నిండిపోయింది. గ్రాఫ్ నిట్టనిలువునా కూలింది. సర్వర్ బిగుసుకుపోయింది.

ఆ ఒక్క క్షణం చాలింది. హృషికేశ్ ఆమె మణికట్టు విరిచిపట్టాడు. తూటా ఏసీ డక్ట్‌లో దిగింది. ఆమెను ర్యాక్‌కు బేడీలతో బిగించి మీటింగ్ హాల్‌కు పరుగెత్తాడు. డైరెక్టర్ పెన్ను అప్పుడే కాగితానికి తాకింది.

"ఆపండి సార్! అసలు లోడు పడగానే సర్వర్ చచ్చింది. యుద్ధం వస్తే మన రాడార్ గుడ్డిదే!"

పెన్ను ఆగింది.

నెల తర్వాత పోలీసులు ఉప్పలయ్య కేసును రోడ్డు ప్రమాదమని మూసేశారు. "ఆయన పేరు ఏ రిపోర్టుల లేదా అన్నా?" అని తారామణి ఫోన్‌లో హృషికేశ్‌ను అడిగింది.

ఆ సాయంత్రమే చిదంబరం పిలిచాడు. "స్నిగ్ధ ముఠా పేర్లన్నీ చెప్పేసింది. బదులుగా ఆమె మీద కేసు లేదు. సరైన బెంచ్‌మార్క్ ఎంచుకోవడం ఎలాగో ఇక మనవాళ్ళకు క్లాసులు చెబుతుంది. ఆ క్లాసుకు నువ్వూ వెళ్ళు."

హృషికేశ్ లేచి నిలబడ్డాడు.

"పరీక్ష పేపర్ కూడా ఆమే తయారుచేస్తుందా సార్?"