బెల్లానికి ఆషాఢం సెలవులు

పెళ్ళికొడుకు బురదలో పడిన రోజే నీలవేణికి త్రినాథ్ పరిచయమయ్యాడు.

వైశాఖ మాసం, సాయంత్రం వేళ. పెళ్ళికొడుకు గుర్రమెక్కి దర్జాగా ఊరేగుతున్నాడు. గుర్రం నీలవేణి వాళ్ళది. ఒళ్ళంతా బెల్లం రంగు, నుదుట తెల్లమచ్చ, అందుకని దాని పేరే బెల్లం. శ్రీముఖలింగం చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళికైనా గుర్రం కావాలంటే నీలవేణి తండ్రి సోములు దగ్గరికి రావాల్సిందే. సోములికి మోకాళ్ళు అరిగిపోయాక కళ్ళెం కూతురి చేతికొచ్చింది. పగలు ఆమెకు సచివాలయం తరఫున పశువులకు సూదులు వేసే ఉద్యోగం. ముహూర్తాలున్న రోజుల్లో సాయంత్రాలు గుర్రం ముందు నడవడం.

ఆ సాయంత్రం అంతా సవ్యంగా సాగుతుండగా నెత్తి మీదికి గుయ్యిమంటూ ఒక డ్రోన్ దిగింది. బెల్లం రెండు కాళ్ళ మీద లేచింది. పెళ్ళికొడుకు కొత్త పంచెతో సహా వెళ్ళి కాలువగట్టు బురదలో కూర్చున్నాడు. మేళం ఆగిపోయింది. వియ్యాలవారు కొందరు నవ్వలేక చచ్చారు.

నీలవేణి ముందు గుర్రాన్ని శాంతపరిచింది. పెళ్ళికొడుకుని ఎలాగూ నలుగురు లేపుతున్నారు. ఆ తర్వాత రిమోట్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడి దగ్గరికి వెళ్ళింది. వాడే త్రినాథ్. కొత్తరేవులో ఇంటి ముందు గదిలోనే వీడియోల స్టూడియో పెట్టుకున్నాడు. సారీ అండీ, సారీ అండీ అని దండకం అందుకున్నాడు.

"నాకేటి సెప్తన్నావు? దానికి సెప్పు," అంది నీలవేణి.

త్రినాథ్‌కి గుర్రాలంటే చచ్చేంత భయం. అయినా పాపం, పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి, "సారీ బెల్లం గారూ," అన్నాడు. బెల్లం తుమ్మింది. ఆ తుమ్ముకే వాడు వెనక్కి గెంతాడు. నీలవేణికి కోపం నిలబెట్టుకోవడం కష్టమైపోయింది.

ఆ తర్వాత ఆ సీజనంతా ఏ పెళ్ళికి వెళ్ళినా ఇద్దరూ తారసపడుతూనే ఉన్నారు. డ్రోన్ ఎగరేసే ముందు త్రినాథ్ ఫోన్ చేసి బెల్లం పర్మిషన్ అడిగేవాడు. జేబులో బెల్లం ముక్క లేకుండా వచ్చేవాడు కాదు. అరచెయ్యి పలకలా చాపి పెట్టాలి, వేళ్ళు ముడిస్తే కొరికేస్తుందని నీలవేణి ఎన్నిసార్లు నేర్పినా, దూరం నుంచి విసిరి పారిపోయేవాడు. బెల్లం దాన్ని నేల మీద వెతుక్కుని తింటూ వాడి వైపు జాలిగా చూసేది.

గుర్రానికి భయపడేవాడు గుర్రం పక్కన నడిచే అమ్మాయిని చూడ్డానికి మాత్రం ఏమీ భయపడేవాడు కాదు. కెమెరా అడ్డం పెట్టుకుని తెగ చూసేవాడు. ఆ చూపులు నీలవేణికి తెలియకపోలేదు. తెలిసిన రోజున జడ ఇంకొంచెం శ్రద్ధగా వేసుకునేది కూడా. అయితే చూడ్డమే తప్ప పెదవి విప్పింది లేదు. నోరున్నవాడు తనే చెప్పాలి, నేనెందుకు అడగాలి అని ఆమె పంతం. జ్యేష్ఠం కూడా అలాగే గడిచిపోయింది.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. పెళ్ళిగుర్రానికి ఏడాదిలో దొరికే సెలవులు ఇవే. తలమీద కుచ్చులుండవు, ఒంటిమీద జరీ బట్టలుండవు, మెడలో గంటలుండవు. బెల్లం ఆ నెలంతా ఉత్త గుర్రంలా బతుకుతుంది. నీలవేణి ఏడాది పొడుగునా ఆ నెల కోసమే ఎదురుచూస్తుంది.

ఈసారి ఆషాఢంతో పాటు బొబ్బిలి నుంచి ఒక సంబంధం కూడా వచ్చింది. అబ్బాయి మంచివాడు, ఉద్యోగం మంచిది, వాళ్ళ మాటతీరు మర్యాదగా ఉంది. ఒక్కటే షరతు పెట్టారు. పెళ్ళయ్యాక అమ్మాయి గుర్రమెక్కకూడదు. నలుగురిలో బాగుండదట.

సోములు కూతుర్ని ఒత్తిడి చెయ్యలేదు. చెయ్యడం ఆయనకు రాదు. ఆదివారం పొద్దున్న జీను బిగిస్తున్న ఆమె దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, "సాయంత్రం ఏటో ఒకటి సెప్తానని ఆల్లకి మాటిచ్చీసినాను తల్లీ. నీ ఇట్టం. తిరిగొచ్చి సెప్పు," అన్నాడు.

నీలవేణి సరేనంది. సరేనని గుర్రమెక్కాక, ఇదే ఆఖరిసారేమోనన్న ఆలోచన గుండెలో ముల్లులా దిగింది. దాన్ని అక్కడే ఉండనిచ్చి, ముందు ఈ ఒక్కరోజును ఎవరికీ పంచకుండా పూర్తిగా తనదిగా చేసుకోవాలనుకుంది.

వంశధార ఒడ్డున తడి ఇసుక మీదికి దిగగానే బెల్లం చెవులు నిక్కబొడుచుకుంది. దానికి ఆ ఇసుకంటే పిచ్చి. మొదట మర్యాదగా నడిచింది, తర్వాత దుడుకు నడకలోకి వచ్చింది, ఆ తర్వాత ఆమె కళ్ళెం కొంచెం వదలడమే ఆలస్యం, పరుగందుకుంది. చెవుల్లో గాలి హోరు. కాళ్ళ కింద ఇసుక ఎగురుతోంది. ఎడమ పక్క నది, కుడి పక్క జీడితోటలు, పైన నల్లగా మబ్బు, అన్నీ ఒకేసారి వెనక్కి పోతున్నాయి. జడ ఊడిపోయింది. చున్నీ ఎప్పుడు నడుముకు చుట్టుకుందో ఆమెకే గుర్తులేదు. పరుగెత్తేది గుర్రమే అయినా తనకే నాలుగు కాళ్ళు వచ్చినట్టుంది. నీలవేణి పెద్దగా నవ్వేసింది. ఒంటరిగా, కారణం లేకుండా, ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

ఎంత ఆనందంగా ఉందో చెప్పాలంటే బెల్లాన్నే అడగాలి. అది మధ్యమధ్య తోక విదిలించి, అవసరం లేకపోయినా చిన్న నీటిగుంటల మీంచి గెంతుతోంది. పెళ్ళికొడుకులని మోసేటప్పుడు అలాంటి వేషాలు ఒక్కటీ వెయ్యదు. వీపు మీద కూర్చున్నది ఎవరో దానికి బాగా తెలుసు.

ఆకుమడి దగ్గర పనిచేస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. వాళ్ళలో జగ్గమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఏటే నీలవేణీ, పెల్లికొడుకుని ఎక్కడ పడీసినావు?" అని కేకేసింది. ఈసారి ఇంకా ఎక్కించుకోలేదని నీలవేణి గుర్రం మీంచే జవాబిచ్చింది. వెనక నవ్వులు చాలాసేపు వినిపించాయి.

మధ్యాహ్నం జీడిచెట్టు కింద ఆగి చద్దన్నం, ఆవకాయ తింది. బెల్లానికి చెరుకు ముక్కలు పెట్టి, దాని మెడకు తల ఆనించి బొబ్బిలి సంబంధం సంగతంతా చెప్పింది. ఉద్యోగం గురించి చెప్పినప్పుడు బెల్లం నములుతూనే ఉంది. షరతు గురించి చెప్పినప్పుడు కూడా నములుతూనే ఉంది. ఈ మెడ వాసన లేకుండా ఒక్క వారం కూడా ఉండలేనని ఆ క్షణాన ఆమెకు స్పష్టంగా తెలిసింది. అయితే ఇలాంటి పిల్లని గుర్రంతో సహా కావాలనుకునేవాళ్ళు ఎవరుంటారు? ఒకడున్నాడని మనసు అంది. వాడికి నోరు లేదు కదా అని తనే మనసు నోరు మూయించింది.

ఇంతలో వాన అందుకుంది. చినుకు చినుకుగా కాదు, ఒక్కసారిగా. నది పక్క బాట జారుడైపోవడంతో ఆమె గుర్రాన్ని రోడ్డెక్కించింది. రోడ్డంటే త్రినాథ్ ఉండే కొత్తరేవు మీంచే పోవాలి. అందుకే ఆ దారి పట్టిందా అంటే, కాదనే అంటుంది. ఆ మాట నమ్మాలో వద్దో మీ ఇష్టం.

కొత్తరేవు వీధి సగం దాటారో లేదో, బెల్లం టక్కున ఆగింది. చెవులు ముందుకు తిరిగాయి. నీలవేణికి అప్పుడు వినబడింది, పెళ్ళి మేళం. డప్పులు, సన్నాయి, మధ్యలో విజిళ్ళు. ఆషాఢంలో పెళ్ళేమిటని ఆమె అనుకునేలోపే బెల్లం కళ్ళెం మాట వినడం మానేసి, ఆ చప్పుడు వచ్చే ఇంటి వైపు తిరిగింది.

బెల్లానికి సోములు చిన్నప్పుడే నేర్పిన పాఠం ఒకటుంది. మేళం వింటే అడుగులు వెయ్యాలి. మేళం వినిపించే ఇంటి ముందు నిలబడాలి. ఆ ఇంటి ఆడవాళ్ళు ఎర్రనీళ్ళు దిగదుడిచి, నోటికి బెల్లం అందించేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. మర్యాద జరక్కుండా పెళ్ళికొడుకు వెనుదిరగకూడదని సోములు తండ్రి పెట్టిన పద్ధతి అది. సెలవులైనా సరే, బెల్లం పద్ధతి తప్పదు.

అది నేరుగా వెళ్ళి త్రినాథ్ ఇంటి గుమ్మం ముందు ఆగి, ముందుకాళ్ళు మార్చి మార్చి ఎత్తుతూ నాట్యం మొదలుపెట్టింది. ఊడిన జడతో, తడిసిన బట్టలతో నీలవేణి దాని మీద కూర్చుని ఉంది. వాన వెలిసింది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. గుర్రమెక్కి ఆడపిల్ల వచ్చిందేమిట్రా అని ఒక ముసలాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

కిటికీలోంచి గది కనిపిస్తోంది. త్రినాథ్ పెద్ద స్పీకర్లు పెట్టుకుని వైశాఖం నాటి పెళ్ళి వీడియో ఎడిట్ చేస్తున్నాడు. తల తిప్పి చూశాడు. కుర్చీలోంచి లేవబోయి కుర్చీతో సహా పడ్డాడు.

"ఆషాడంలో మేళమెట్టి నా గుర్రాన్ని వీధిలో ఆడిస్తన్నావేటి?" అంది నీలవేణి. సిగ్గంతా కోపమై వచ్చింది.

త్రినాథ్ పరుగున వెళ్ళి స్పీకర్లు ఆపేశాడు. మేళం ఆగింది. బెల్లం మాత్రం కదల్లేదు. మడమతో తట్టినా, బతిమాలినా, తిట్టినా గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. మర్యాద బాకీ ఉందన్నట్టు ఒకసారి సకిలించింది కూడా.

అప్పుడు లోపలి నుంచి త్రినాథ్ తల్లి వెంకటలక్ష్మి వచ్చింది. గుర్రాన్ని చూసింది, పైనున్న పిల్లని చూసింది, కొడుకు మొహం చూసింది. లోపలికెళ్ళి పళ్ళెంలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో తిరిగొచ్చింది.

"నా పెల్లికి మా ఆయన మీ తాత గుర్రమ్మీదే వచ్చినాడు. మీ గుర్రాల సంగతి నాకు తెల్దేటి?" అంటూ గుర్రానికీ, దాని మీదున్న పిల్లకీ కలిపి మూడుసార్లు దిగదుడిచింది. ఆ ఎర్రనీళ్ళతోనే బెల్లం నుదుట బొట్టు పెట్టింది. చెయ్యి చాపి నీలవేణిని వంగమని, ఆమె నుదుటా పెట్టింది. తర్వాత బెల్లం ముక్క తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

త్రినాథ్ దాన్ని విసరలేదు. వీధంతా చూస్తుండగా గుర్రం ముందుకు నడిచాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, అరచెయ్యి పలకలా చాపాడు. వేళ్ళు ముడవలేదు. బెల్లం తీరిగ్గా వాసన చూసి, పెదాలతో మెత్తగా అందుకుంది. వాడు ఒక్క కన్ను తెరిచి చూసుకుంటే వేళ్ళన్నీ ఉన్నాయి.

ఆ ధైర్యంలోనే మిగతాది కూడా చెప్పేయాలని వాడికి తోచింది కాబోలు.

"నాను గుర్రాన్ని ఆడిద్దామని మేళం ఎట్టనేదు. ఆ వీడియోలో నువ్వు నవ్వతన్నావు. అది సూత్తా కూకున్నాను, పొద్దుట్నుంచీ," అన్నాడు.

నీలవేణి కోపం ఎటుపోయిందో తెలియదు. గుండె మాత్రం ఇసుక మీద పరుగు అందుకుంది. అయినా అడగాల్సింది అడక్కుండా ఆమె దిగే రకం కాదు. బొబ్బిలి నుంచి సంబంధం వచ్చిందని, వాళ్ళు గుర్రమెక్కొద్దన్నారని, సాయంత్రం జవాబు చెప్పాలని గబగబా చెప్పేసింది.

"మరి నువ్వేటంటావు?" అంది.

"పక్కన గుర్రం నేకుండా నువ్వు నడిసొస్తే నిన్ను పోల్చగలనో లేదో నాకే తెల్దు," అన్నాడు త్రినాథ్. ఆ తర్వాత చాలా సీరియస్‌గా, "నువ్వు కావాల. గుర్రంతోటే కావాల. రోజూ నానే బెల్లం ఎడతాను," అన్నాడు.

నీలవేణికి ఎక్కడలేని దాహం వేసింది. మంచినీళ్ళు కావాలంటూ గుర్రం దిగడానికి కాలు తిప్పబోయింది.

"దిగకు," అంది వెంకటలక్ష్మి.

నీలవేణి కాలు అక్కడే ఆగింది. త్రినాథ్ మొహం పాలిపోయింది.

"ఆషాడంలో అత్తా కోడలూ ఒక్క గడప దాటకూడదు," అంది ఆవిడ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. "నీల్లు నానే తెస్తాను, గుర్రమ్మీదే తాగు. సావనంలో వచ్చి దిగుదువు గాని."

ఇంకా పెళ్ళే కాలేదు, అప్పుడే కోడలేటమ్మా అని త్రినాథ్ గొణిగాడు. పెద్దోల్ల మాటల్లో నీకేటి పని, చెంబు తెమ్మని ఆవిడ కసిరింది. నీలవేణి గుర్రం మీదే నీళ్ళు తాగింది. సగం నీళ్ళు నవ్వు వల్ల ఒలికిపోయాయి. మర్యాదలన్నీ జరిగాయి గనక బెల్లం ఎవరూ చెప్పకుండానే ఇంటిదారి పట్టింది. వీధి చివరిదాకా త్రినాథ్ దాని పక్కనే నడిచాడు, ఎప్పుడూ లేనంత దగ్గరగా.

వెళ్ళేసరికి సోములు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూతురి నుదుట బొట్టు చూశాడు. గుర్రం నుదుటా అదే బొట్టు. నలభై ఏళ్ళుగా గుర్రాన్ని పెళ్ళిళ్ళకు తిప్పినవాడికి ఎర్రనీళ్ళ మరక ఎక్కడున్నా తెలిసిపోతుంది.

"ఆషాడంలో ఎవలింట్లో పెల్లే?" అన్నాడు.

నీలవేణి గుర్రం మెడలో మొహం దాచుకుంది. సోములికి అర్థమైంది. మీసాల చాటున నవ్వుకుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"మరి బొబ్బిలోల్లకి ఏటి సెప్పమంటావు?"

"బెల్లం ఒప్పుకోనేదని సెప్పు నాన్నా," అంది నీలవేణి.