ఇద్దరికీ సరిపడా బిగించిన స్ప్రింగు

కొత్త బండి షెడ్డులోకి వచ్చిన రోజు పిట్టకి ముద్ద దిగలేదు.

పిట్ట అనేది అసలు పేరు కాదు. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతుందని వాళ్ల బావ పెట్టిన పేరు. బట్టల కొట్టు వెనక గదిలో రోజంతా కాజాలు కుట్టే పిల్ల. కుడుతూ కుడుతూనే కలలు కనేది. కలలో ఎప్పుడూ ఒకటే బండి. నీలం రంగుది, సీటు లేనిది. కూర్చుని షికారు తిరిగే బండి కాదు అది, నిలబడి రాళ్లెక్కించే ట్రయల్స్ బండి. కాలు కింద పెట్టకుండా కొండరాయి పైదాకా వెళ్లి, అక్కడ ఒక్క క్షణం అలా ఆగితే... ఆ క్షణం కోసం ఏమైనా ఇచ్చేయొచ్చు అనుకునేది.

కొత్త బండంటే ఆమెకి కొత్త. అంతకుముందు ఒకాయన నడిపాడు. సన్నగా, వెదురుబద్దలా ఉన్న మనిషి. బండి అప్పజెబుతూ ఒక్కటే అడిగాడు.

"నీకు తోడెవరమ్మా?"

రాయి ఎక్కేటప్పుడు కింద ఒక మనిషి రెండు చేతులూ చాచి నిలబడతాడు, బండి వెనక్కి తిరగబడితే పట్టుకోవడానికి. ఆ మనిషినే తోడు అంటారు.

"మా బావండీ."

"నాకు మా తమ్ముడు. మొదట్నుంచీ నా కిందే నిలబడేవాడు, రాళ్ల క్వారీలో ఈ బండి వాడి మీద పడేదాకా."

"ఇప్పుడు రారా?"

ఆయన బండి వెనక చక్రం వైపు చూశాడు. "వస్తాడు. కింద నిలబడడు, అంతే."

ఆ మాట పిట్టకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు. చేతులు అప్పటికే హ్యాండిల్ మీద ఉన్నాయి.

శనివారం సాయంత్రం. ఆదివారం పొద్దున్నే రాళ్ల క్వారీలో పోటీ, పిట్టకి మొదటిది. వాన అప్పుడే వెలిసింది. బావ లేతు మిషను షెడ్డులో రేకుల మీంచి చుక్కలు ఇంకా టప్... టప్... అని పడుతున్నాయి. నూనె వాసన, తడి ఇనుప రజను వాసన.

"మీ అక్క ఏమందో తెలుసా?" బావ పానా తుడుస్తూ అన్నాడు. "ఏడో నెల కడుపుతో ఉన్నాను, మీ ఒంటి మీద ఒక్క గీత పడినా నా చెల్లెల్ని గడప తొక్కనివ్వనంది."

"నీ ఒంటి మీద గీత పడటానికి చోటెక్కడుంది బావా? అంతా పొట్టే కదా."

"ఆ పొట్టే రేపు నిన్ను కాపాడేది. మర్యాదగా మాట్లాడు."

ఇద్దరూ బండిని ఆమె ఒంటికి తగ్గట్టు మార్చడం మొదలెట్టారు. ఆమె వేళ్లు చిన్నవి, క్లచ్ లీవరు దగ్గరికి జరిపారు. హ్యాండిల్ కాస్త ముందుకి తిప్పారు. టైర్లలో గాలి బాగా తగ్గించారు, రాయిని గట్టిగా పట్టుకోవడానికి. ఇంజన్ ఆపే అయస్కాంతానికి కట్టిన తాడు పాతబడింది, కొత్తది కట్టారు. ఆ తాడు రెండో కొస నడిపేవాళ్ల మణికట్టుకి ఉంటుంది. మనిషి కింద పడితే తాడు లాగేసి ఇంజన్ ఆగిపోతుంది.

ఇక మిగిలింది వెనక స్ప్రింగు. దాని మీద తెల్లరంగుతో ఒక గీత ఉంది. బండితో పాటు ఇచ్చిన చిన్న నోటు పుస్తకంలో ఆయన రాసుకున్న లెక్కలున్నాయి. చివరి పేజీలో స్ప్రింగు గురించి ఒక్క ముక్కే ఉంది... ఇద్దరికీ సరిపడా బిగించాను.

బావ పడీ పడీ నవ్వాడు. "సీటే లేని బండికి ఇద్దరేంటే? రెండోవాణ్ణి నెత్తిన పెట్టుకునేవాడా?"

నలభై నాలుగు కిలోల పిల్లకి అంత గట్టి స్ప్రింగు ఎందుకు? నాలుగు చుట్లు వదులు చేశారు. తెల్ల గీత పక్కకి తిరిగిపోయింది.

పిట్ట గోడ పట్టుకుని బండెక్కి నిలబడింది. బావ టేపు పెట్టి వెనక ఎంత దిగిందో కొలిచాడు. ఆరు సెంటీమీటర్లు దిగాలి.

"పదమూడు," అన్నాడు బావ. మళ్లీ కొలిచాడు. "పదమూడే. ఏం తిన్నావే ఇవాళ?"

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"సరే, దిగు."

పిట్ట దిగింది. బండి సగం లేచింది... ఆగింది.

ఒక ఊపిరి పీల్చి వదిలేంత సేపు.

తర్వాత మిగతా సగం లేచింది, మెల్లగా. అప్పుడే ఇంకెవరో దిగినట్టు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "ఆయిల్ చిక్కబడింది," అన్నాడు బావ, స్ప్రింగుకే చెబుతున్నట్టు. "అంతే. నడిపితే సర్దుకుంటుంది. పద, వెలుగుండగానే."

షెడ్డు వెనక పెరట్లో సిమెంటు దిమ్మలు పేర్చిన మెట్టుంది. ఛాతీ ఎత్తు ఉంటుంది. పిట్ట దాన్ని పాత బండి మీద వందసార్లు ఎక్కింది. బావ కింద నిలబడి చేతులు చాచాడు. వాళ్ల మధ్య ఒక కట్టుబాటు ఉంది. బావ "వదిలెయ్" అంటే చాలు, ఎందుకని అడగకుండా హ్యాండిల్ వదిలేసి దూకెయ్యాలి. బండి సంగతి బావ చూసుకుంటాడు. ఆ మాట వినగానే వేళ్లు వాటంతటవే తెరుచుకునేలా నెలల తరబడి సాధన చేశారు.

తాడు మణికట్టుకి కట్టుకుంది. ఇంజన్ గుర్రుమంది. ముందు చక్రం దిమ్మ అంచుని తాకింది, పైకి లేచింది...

వెనక భాగం కుంగింది.

బాగా కుంగింది.

పిట్ట ఒళ్లంతా ముందుకి వంచింది. బండి వంగలేదు. మెడ వెనక చల్లగా ఏదో తగిలింది. తడి రాతి పొడి వాసన. ఈ పెరట్లో రాయన్నదే లేదు... మరి ఈ వాసన ఎక్కడిది?

"వదిలెయ్..."

చెవి పక్కనే. గుసగుసగా, ఎంతో ప్రేమగా.

వేళ్లు తెరుచుకున్నాయి.

గాల్లో ఉండగానే చూసింది పిట్ట. బావ కిందున్నాడు. నోరు మూసుకుని ఉన్నాడు. కళ్లు మాత్రం ఇంత చేసుకుని ఆమె వెనక్కి చూస్తున్నాడు.

తాడు లాగింది. ఇంజన్ ఆగింది. బండి వెల్లకిలా వచ్చి, బావ నిలబడ్డ చోటే పడింది.

బావ పక్కకి దూకాడు. ఫుట్‌రెస్ట్ పళ్లకి చొక్కా భుజం దగ్గర చిరిగి, కింద సన్నటి ఎర్రగీత తేలింది. ఒక్క గీత.

"ఎందుకు వదిలావే?" బావ భుజం అదిమి పట్టుకుని అడిగాడు.

"నువ్వే కదా అన్నావు..."

"నేను నోరు తెరవలేదు పిట్టా."

పిట్టకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. కడుపుతో ఉన్న అక్క కళ్ల ముందు కదిలింది. "ఈ బండి నాకొద్దు బావా. పోటీ వద్దు, ఏమీ వద్దు."

"ముందు ఆ స్ప్రింగు ఉన్నట్టు పెట్టేద్దాం."

ఇద్దరూ కలిసి బిగించారు. నాలుగు చుట్లు, తెల్ల గీత మళ్లీ పాత చోటికి వచ్చేదాకా. బావ బతిమాలితే పిట్ట కళ్లు మూసుకుని ఇంకోసారి ఎక్కి నిలబడింది. ఒక్క వేలెడే దిగింది. దిగగానే టక్కున లేచింది, పిల్లి వీపులాగా. ఆగలేదు.

"చూశావా," అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ. "పోయాడు."

పోయింది అనలేదు. పోయాడు అన్నాడు. పిట్ట అడుగుదామనుకుంది, ఏం చూశావని. అప్పటికే బావ తాళం చెవి తీసుకుని గుమ్మం వైపు నడిచాడు.

షెడ్డుకి తాళం వేశారు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. బావ పాత స్కూటర్ మీద పిట్ట వెనక కూర్చుంది. దారి పొడుగునా వెనక చక్రం మడ్‌గార్డుకి రాసుకుంటూనే ఉంది... సర్ర్... సర్ర్...

"గాలి తగ్గినట్టుంది," అన్నాడు బావ.

తన సందు మొదట్లో దిగింది. "రేపు పొద్దున్నే ఆ బండి తిరిగిచ్చేసి వద్దాం. నువ్వు నిద్రపో," అన్నాడు బావ. ఆ మాటతో గుండె కాస్త కుదుటపడింది. తల వంచి స్కూటర్ వైపు చూసింది.

వెనక భాగం లేవలేదు.

"బావా!"

స్కూటర్ అప్పటికే కదిలింది. వెళ్లొస్తానన్నట్టు బావ వెనక్కి తిరక్కుండానే ఒక చెయ్యి ఎత్తి ఊపాడు. నున్నటి రోడ్డు మీద కూడా చక్రం సర్ర్ మంటూనే ఉంది. పిట్ట పరిగెత్తింది, పిలుస్తూ పరిగెత్తింది.

మలుపు దగ్గర బావ రెండో చెయ్యి కూడా ఎత్తాడు. రెండు చేతులూ పక్కలకి చాచాడు, రాయి కింద నిలబడ్డప్పుడు చాచినట్టే.

స్కూటర్ మాత్రం, ఎవరో హ్యాండిల్ పట్టుకున్నట్టు, పొందిగ్గా మలుపు తిరిగింది.