ఎర్ర దారం కట్టే దయ్యం

"స్వప్నిల్... ఓ స్వప్నిల్..."

చీకట్ల ఎవలో పిలుస్తున్నరు. ఫోన్ కింద పడ్డది, వీడియోల బొమ్మ లేదు, అంత నలుపే. ఊపిరి చప్పుడు మాత్రం వినపడుతున్నది — మా పక్క ఖోలీల ఉండే స్వప్నిలన్నది. ఉరికి ఉరికి వచ్చిన కుక్కపిల్ల లెక్క.

ఆ వీడియో నేను నా కండ్లతోని చూసిన. మిగిలినదంత స్వప్నిలన్న చెప్పంగ విన్నదే.

ఆ పిలుపు వచ్చింది గాలయ్య మూసేసిన కార్ఖానాలకెళ్లి. నాగావ్‌ల ఆ జాగకు మంచి పేరు లేదు. గుడ్డ నేసే సాంచాలన్ని భంగార్‌కు, పాత ఇనుము కింద, అమ్మేసిండు సేటు గాలయ్య. అప్పటికెళ్లి లోపట చప్పుడు లేదు... మాకు గదే పెద్ద భయం. సాంచాల చప్పుడు మాకు జోలపాట. రాత్రి కరెంటు పోయి అది ఆగిందంటె పసిపిల్లలు సుత ఉలికిపడి లేస్తరు. ఇగ ఆ కార్ఖానా గోడ పక్కపొంటి పోతే చెవులల్ల దూది కుక్కినట్టు అయితది.

ఆ నిశ్శబ్దంల — ఒక ఆడమనిషి ఏడుస్తది. ఏడుపు ఆగంగనే ఇంకో ఆడమనిషి నవ్వుతది.

ఒక్క దయ్యమైతే ఒక నిమ్మకాయతోని పోతుండె. ఇద్దరని తెలిసి గాలయ్య రెండు కట్టిండు. అయినా కిరాయికి ఒక్కడు రాలే.

స్వప్నిలన్న పొద్దంత సాంచా నడుపుతడు. పానమంత సినిమా డిస్కుల మీదనే. దయ్యాల సినిమాలు — అవి సుత అన్ని రకాలు కాదు. సచ్చినోళ్ల కెమెరా దొరికింది, అండ్ల గిది ఉన్నది అని చూపెడతరు, బొమ్మంత ఊగుతుంటది... గసుంటివి. అండ్ల మళ్ల ఒక్క సినిమాల నాలుగైదు కథలు కలిపి ఉన్నవే కావాలె. డిస్కుల దుకాణాలు బంద్ చేసేటోళ్ల దగ్గరికి పోయి ఏరి ఏరి తెచ్చేటోడు.

"అన్ని ఫోన్ల వస్తయి కదనే, డిస్కులెందుకు?" అని అడిగిన ఒకసారి.

"ఫోన్ల ఉన్నది ఇయ్యాల ఉంటది, రేపు మాయమైతది. డిస్కు మన చేతుల ఉంటది," అన్నడు. అప్పుడు ఆయన కండ్లు చూడాలె... ప్రేమించినోళ్ల కండ్లు గట్లనే మెరుస్తయేమో.

చాయ్ టపరీ కాడ కూసొని, "మూడో కథల లిఫ్టుల ఏమైతదో తెలిస్తె మీకు నిద్ర పట్టది బిడ్డా," అనేటోడు. ఏమైతదో మాత్రం చెప్పేటోడు కాదు. మస్తు గుండె ధైర్యం ఉన్నోడని గల్లీ అంత పేరు.

వాళ్లమ్మ రాజమణికి గవేం పట్టయి. "దయ్యాలను తెచ్చి దేవుని పటం కింద పెడతవారా? భంగారోనికి ఏస్త చూడు!" అన్నది. అందుకే అన్న డిస్కుల పెట్టెను, బ్యాటరీతో నడిచే చిన్న తెర ప్లేయర్‌ను తీస్కపోయి గాలయ్య కార్ఖానాల దాసిండు. చప్పుడు లేని జాగల ఎవలు కాలు పెడతరని.

ఏడుపు, నవ్వు మొదలైంది ఆ తర్వాతనే.

ఒకనాడు పగటిపూట పోయి పెట్టె తెరిచి చూసిండు. డిస్కు డబ్బాలకు ఎర్ర దారాలు కట్టి ఉన్నయి! ఒకదానికి రెండు, ఒకదానికి మూడు. ఒకదానికి అసలు లేదు.

"ఎన్ని దారాలో గంతమందిని తీస్కపోతయి దయ్యాలు," అన్నడు నాతోని గుసగుసగ. "డిస్కులల్లకెళ్లి బయటికి వచ్చినయి."

గింతల గాలయ్య ఇంకో మాట చెప్పిండు — తెల్లారి టెంపో వస్తది, లోపట ఏమున్నా భంగార్‌కే పోతది. ఏండ్ల సంది కూడబెట్టింది పొద్దుగూకి పొద్దుపొడిచేవరకు పోతది! దయ్యాలా... డిస్కులా...

ఆ రాత్రే అన్న ఫోన్ల వీడియో షురూ చేసుకొని పోయిండు. "నేను పోతే ఇదన్న ఎవలకో దొరకాలె," అని మొదట్ల చెప్పుకున్నడు.

వీడియోల ముందు తలుపు. తర్వాత కటిక చీకటి. మూలకు నీలం వెలుగు... వెలుగు ముంగట కూసున్న నీడ. ఆ నీడ మెల్లగ తిరిగింది —

ఫోన్ కింద పడ్డది. అప్పుడొచ్చింది ఆ పిలుపు.

"స్వప్నిల్... ఓ స్వప్నిల్..."

"దయ్యమక్కా... నీ కాళ్లు మొక్కుత. సగం డిస్కులు నువ్వు ఉంచుకో. సగం నాకియ్యి."

"సగమేంది? అండ్ల సగం డ్యామేజే ఉన్నయి!"

కోమల్! గోడ అవతల, గుడ్డను మడత పెట్టే ఫోల్డింగ్ ఖాతాల చెకింగ్ చేసే కోమల్. తానును పరిచి చూసుకుంట, ఎక్కడ పోగు తప్పితే అక్కడ అంచుకు ఎర్ర దారం కడతది. అన్న నేసిన గుడ్డకు రోజు కట్టేది సుత ఆమెనే. రోజు చూసే దారం, భయానికి యాదికి రాలే.

"మా ఇంట్ల ఆరుగురం, ఒక్క టీవీ. అది నాయనమ్మ రాజ్యం," అన్నది కోమల్. "డ్యూటీ అయినంక ఇటు వెనుక తలుపు నూకి వచ్చి చూస్తున్న. ఏడుపు సినిమాది. నవ్వు నాది."

"నవ్వెట్ల వచ్చింది నీకు!"

"ఆ దయ్యం కాళ్లకు చెప్పులున్నయి స్వప్నిల్! గది డ్యామేజ్ కాదా? ఐదు కథలల్ల రెండు గట్లనే ఉన్నయి. రెండు దారాలు కట్టిన."

అన్న నవ్వలే. "తెల్లారితె అన్ని భంగార్‌కు పోతయి కోమల్..."

"నేను పోనియ్య. మా ఖాతాల తాన్ల కింద దాస్త." గొంతు తగ్గించింది. "కని ఒక్కటి నిజం చెప్పాలె. ఒక్క డబ్బాకు సుత పై ప్లాస్టిక్ కవరు ఇప్పి లేకుండె. అన్ని నేనే చించిన. మరి నువ్వు..."

కింద పడ్డ ఫోన్ల నలుపు తప్ప ఏం లేదు. నేనైతే గుండె మీద చెయ్యి పెట్టుకున్న... ఇప్పుడు అంటడు, 'నువ్వంటే నాకు పానం' అని, ఇప్పుడే అంటడు —

"నేను ఒక్కటి సుత చూడలే కోమల్," అన్నడు స్వప్నిలన్న. "నాకు దయ్యాలంటే మస్తు భయం."