నిలబడిన అద్దాలు

సకుమా ముఖం మిగల్లేదు. పుర్రె వెనక భాగం చితికిపోయింది. మెడలో, చెంపల్లో జానెడేసి గాజు ముక్కలు దిగబడి ఉన్నాయి.

సెందాయ్‌లో కొత్తగా కట్టిన భవనం ముందు, మెట్ల మీద పడి ఉన్నాడు. అక్కడి అద్దాల్ని తనిఖీ చేసే ఇంజనీరు అతనే. పక్కనే లాబీ గోడలో ఒక అద్దం పగిలి ఉంది.

ఇన్‌స్పెక్టర్ హతానో శవం ముఖం మీది తువ్వాలు మెల్లగా ఎత్తి, చూసి, మళ్లీ కప్పాడు.

"ఇదెవరిది?"

"నాదే సార్," అంది అద్దాలు బిగించే మేస్త్రీ నాగుమో. "ఆయన భార్య వస్తోందన్నారు. అలా చూడకూడదని..."

"పాపం, ఎంత జాలి," అన్నాడు డిజైనర్ మిగిత. "నిన్నటి భూకంపానికి ఊడింది నువ్వు బిగించిన అద్దమే కదా. చుట్టూ ఖాళీ వదలమని నెత్తీనోరూ బాదుకున్నాను."

"వదిలాను సార్."

"జైల్లో చెప్పుకో."



హతానో ఫ్రేమ్ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. భవనం ఊగితే ఫ్రేమ్ ఒరుగుతుంది. ఖాళీ చాలకపోతే అద్దం మూలల్ని కొరుకుతుంది. పగులు అక్కడే మొదలవ్వాలి. ఇక్కడ నాలుగు మూలలూ చెక్కుచెదరలేదు. పగుళ్లన్నీ నడిమి నుంచి వచ్చాయి.

"మిగిత గారూ, భూకంపం 6:10కి. అప్పుడెక్కడున్నారు?"

"ఇంట్లో. అయిదింటికే వెళ్లిపోయాను."

"మళ్లీ రాలేదా?"

"లేదంటున్నాగా."

హతానో గుమ్మం దగ్గరి చెప్పుల అర వైపు నడిచాడు. కొత్త నేల. లోపలికి ఎవరొచ్చినా బూట్లు విప్పి, తమ పేరున్న చెప్పులు వేసుకోవాల్సిందే. మిగిత జత నీటుగా సర్ది ఉంది. తిరగేశాడు.

అడుగున గాజు పొడి.

"బయట ఆయన్ని కొట్టి చంపారు. నేరం భూకంపం మీదికి తోసెయ్యాలని లోపలికొచ్చి, అద్దాన్ని ఆయన మీదికి పగలగొట్టారు. అంత కంగారులోనూ చెప్పులు మార్చుకున్నారు, పోయేటప్పుడు సర్దిపెట్టారు. అలవాటు."

మిగిత బయటి మెట్ల మీదికి నడిచాడు.

"నాగుమో గారూ, మీరు ఇంటికెళ్లండి," అన్నాడు హతానో. ఆమె మెట్లు దిగింది.

"మొదటి కుదుపుకే నా అద్దాలన్నీ రాలిపోతాయన్నాడు సకుమా. తనిఖీ కాగితాల మీద సంతకం పెట్టనన్నాడు," అన్నాడు మిగిత. "ఇనప కడ్డీ చేతికందింది. అతను పడిన రెండు నిమిషాలకే భూమి కదిలింది."

"అప్పుడు?"

మిగిత తలెత్తి చూశాడు. పన్నెండు అంతస్తుల అద్దాలూ ఎండలో మెరుస్తున్నాయి.

"ఒక్కటీ రాలలేదు. సకుమాకి మూడు దెబ్బలు సరిపోయాయి సార్. ఆ అద్దానికి ఏడు పట్టాయి."