గాలిసందులో ముసలాయన

క్వర్తైరా అనే ఊళ్ళో సముద్రం ఒడ్డున వరసగా లేచిన పెద్ద బిల్డింగుల్లో, చివరి రెంటి మధ్య ఉన్న సందు మంచిది కాదని పేరు. వేసవిలో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. బాల్కనీల నిండా తువాళ్ళే, సందు నిండా జనమే. నవంబరు వచ్చిందా... పదిహేను అంతస్తులకీ కలిపి మూడు కిటికీల్లో దీపం వెలిగితే గొప్ప. అప్పుడు చీకటి పడ్డాక ఆ సందులో ఒక ముసలాయన కనిపిస్తాడట. దారి అడుగుతాడట — ఎక్కడా లేని వీధికి.

ఒతీలియా ఆ బిల్డింగుల్లో ఒకదానికి మెట్లు తుడిచే మనిషి. ఆ సాయంత్రం పని ముగించుకుని బయల్దేరుతుంటే వాచ్‌మన్ ఎయితోర్ ఆపాడు.

"చుట్టు తిరిగి పో అక్కా. మొన్న చేపలమ్మే ఆవిడని అడిగాడట. ఆవిడ ఇంకా మంచం దిగలేదు."

"నన్నడిగితే చీపురిచ్చి పదో అంతస్తుకి పంపిస్తాలే."

నవ్వుతూనే అంది. చుట్టు తిరిగి వెళ్తే బస్సు అందదు. సందులోకే నడిచింది.

అక్కడ గాలి మామూలుగా వీచదు. సముద్రం మీంచి వచ్చి, రెండు గోడల మధ్య ఇరుక్కుని మూలుగుతుంది. తల వంచుకుని సగం దూరం వెళ్ళిందో లేదో...

"అమ్మా... బట్టీవీధి ఎటు?"

గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తలకి ఉన్ని టోపీ. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు.

పరుగెత్తాలనుకుంది. అంతలోనే ముసలాయన వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి — వెచ్చగా ఉంది.

దెయ్యం కాదు. దారి తప్పిన మనిషి. ఒతీలియాకి ప్రాణం లేచి వచ్చింది.

"మీ పేరేంటి తాతగారూ?"

"అబీలియో. పడవ అబీలియో అంటే అందరికీ తెలుసు."

"బట్టీవీధి ఇప్పుడు లేదండీ. ఈ బిల్డింగులు కట్టినప్పుడే..."

ఆయన వినిపించుకోలేదు. పట్టిన చెయ్యి వదలకుండా నడిచాడు. "ఇది రొట్టెల బట్టీ... ఇవి జుల్మీరా వాళ్ళ మెట్లు... ఇక్కడ వంగు, బట్టలారేసే తాడుంది." ఏమీ లేని చోట వంగాడు. ఎందుకో ఒతీలియా కూడా వంగింది.

కార్లు పెట్టే షెడ్డు గోడ దగ్గర ఆగాడు. తలుపు లేదు, కిటికీ లేదు — ఒట్టి సిమెంటు. వేళ్ళ కణుపులతో మెల్లగా తట్టాడు.

"ఫెలిజ్మీనా... నేనే. తియ్యి."

"పొద్దున్నే వద్దాం తాతగారూ," అంది ఒతీలియా.

"పొద్దున్న దాకా ఆగలేను. దాన్ని కసురుకుని పడవెక్కాను. ఒక్క మంచి మాటైనా చెప్పలేదు. నేను తిరిగొచ్చేసరికి..." మళ్ళీ తట్టాడు.

ఇంతలో వంటగుడ్డ భుజాన వేసుకుని ఒకావిడ రొప్పుతూ వచ్చింది. ఆయన కూతురు గ్రాసియెత్.

"ఏమీ అనుకోకండి. పులుసు కలిపి ఇటు తిరిగేసరికి లేడు. చలికాలమంతా ఇంతే. అప్పట్లో మా ఇల్లు ఇక్కడే. అమ్మ పోయి నలభై ఏళ్ళయింది. అదొక్కటీ ఆయనకి గుర్తుండదు."

"వస్తోందే... అడుగుల చప్పుడు వినపడటం లేదూ?"

"ఎవరూ లేరు నాన్నా. పద."

ఆయన గోడని వదల్లేదు. కూతురు ఒక్కొక్క వేలూ విడదీసింది. ముసలాయన చప్పుడు లేకుండా ఏడ్చాడు. ఒతీలియా చూస్తూ నిలబడింది. ఎవరికి సాయం పట్టాలో తెలియలేదు.

వాళ్ళిద్దరూ మలుపు తిరిగారు. గాలి ఒక్కసారిగా ఆగింది.

గోడ లోపల ఎవరో గడియ తీసినట్టు చిన్న శబ్దం... ఆ వెంటనే, చెవి పక్కనే, ఆయాసపడుతూ ఒక ఆడగొంతు —

"ఆయన్ని తీసుకెళ్ళిపోయారా?"

ఒతీలియా రెండు చేతులతో గోడంతా తడిమింది. ఎక్కడా తలుపు లేదు.