హాగ్‌రిగ్ కొండ మీద మూసిన గేటు

“ఇంత పొడుగు ఫ్లాస్కులో పట్టేది రెండు కప్పుల టీయా? ఎవరైనా వింటే నవ్వుతారక్కా,” అన్నాడు క్లిఫర్డ్.

ఆదివారం పొద్దున వంటింట్లో ఎప్పుడూ ఉండే గొడవే. పాలు కలిపే పోస్తానంటుంది ఈనిడ్. కొండెక్కి దిగేసరికి ఆ టీ నోట పెట్టలేమంటాడు తమ్ముడు. చివరికి పాలు చిన్న సీసాలో పోసుకుని, బిరడా బిగించి, కోటు జేబులో వేసుకున్నాడు.

ఫ్లాస్కు కింది సగంలో వైర్‌లెస్ సెట్ ఉందని అతనికి తెలియదు. అక్క పోస్టాఫీసు ఉద్యోగం పేరుకేనని, జీతం లండన్‌లోని రహస్య శాఖ ఇస్తుందని తల్లికి కూడా తెలియదు.

ముందురోజు ఆ శాఖ అధికారి కర్నల్ ఫోన్‌లో క్లుప్తంగా మాట్లాడాడు. కొండ అవతలి రాడార్ కేంద్రం నుంచి ఫిల్ములు శత్రువులకు చేరుతున్నాయి. ఆదివారాలు అక్కాతమ్ముళ్లు వెళ్లే నడక సంఘం చుట్టి వచ్చే దారిలోనే ఎక్కడో చేతులు మారుతున్నాయి.

“మన డబుల్ ఏజెంట్ మీ తమ్ముడి పేరు చెప్పింది.”

“సాక్ష్యం?”

“రేపు సాయంత్రంలోగా నువ్వు వేరే పేరు చెప్పు. లేదంటే అతన్ని తీసుకుపోతాం.”

శత్రువుల మనిషిగా నటిస్తూ శాఖకు కబుర్లు చేరవేసే ఆ డబుల్ ఏజెంట్ రోవెనా. రాడార్ కేంద్రంలో టైపిస్టు. వెస్ట్‌మోర్లాండ్‌లో గొర్రెలు కాసే రైతు కూతురినని అందరికీ చెప్పుకుంది. ఎర్ర స్కార్ఫు, తోలు గ్లవ్స్. ఆమె నవ్వితే క్లిఫర్డ్ మాట తడబడేది.

నడక ప్లేగు రాయి దగ్గర మొదలైంది. గుండ్రటి గుంట ఉన్న పాత రాయి అది. క్లిఫర్డ్ పాలసీసా తీసి, ఆ గుంటలో నిలిచిన వాన నీళ్లలో పెట్టాడు. చుట్టు తిరిగి వచ్చాక ఇక్కడే టీ తాగుతారు, అప్పటిదాకా పాలు చల్లగా ఉంటాయని రోవెనాకు వివరించాడు. ప్లేగు రోజుల్లో పై ఊరివాళ్లు అంటు తగలకుండా ఈ గుంటలో వెనిగర్ పోసి నాణేలు వేసేవారని, కింది ఊరివాళ్లు రొట్టెలు పెట్టి ఆ నాణేలు తీసుకునేవారని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే బేరం జరిగేదని చెప్పాడు. రోవెనా గుంట మీదికి వంగి శ్రద్ధగా వింది.

ఈనిడ్‌కు కర్నల్ మాట గుర్తొచ్చింది. మొహాలు చూసుకోకుండా ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? పాలు కలపొద్దని ప్రతివారం ఇతనికి ఎందుకంత పట్టుదల? గోడలోని గేటు దాటేటప్పుడు కూడా ఆమె కళ్లు తమ్ముడి వీపు మీదే ఉన్నాయి. గొర్రెలు వాగుకు వెళ్లడానికి ఆ గేటును తాడుతో తెరిచి కట్టి ఉంచారు. బూటు లేసు ఊడిందంటూ రోవెనా వెనకబడి, అందరికంటే చివర దాటింది.

కొండ తలమీద గాలి కోస్తోంది. రాడార్ తెల్ల గోళాలు, దూరంగా సముద్రం, కింద తారు రోడ్డు. అందరూ సముద్రం చూస్తుంటే ఈనిడ్ వచ్చిన దారివైపు చూసింది.

వాగుకు పోవాల్సిన గొర్రెలు గోడకు ఆనుకుని గుంపు కట్టి అరుస్తున్నాయి. గేటు మూసి ఉంది.

ఉన్న గేటును ఉన్నట్టే వదలాలని ఇక్కడ చంటిపిల్లలకూ తెలుసు. రోడ్డు మీది నుంచి చూసేవాడికి ఆ గేటు స్పష్టంగా కనిపిస్తుంది. అది సిగ్నల్. చివర దాటింది రోవెనా, అంతకుముందు రాతి గుంట మీదికి వంగిందీ ఆమే.

ఈనిడ్ ఒక బండ చాటుకు వెళ్లి ఫ్లాస్కు అడుగు తిప్పింది. “సరుకు ప్లేగు రాయి దగ్గర. కారు పంపండి. తమ్ముడు కాదు.”

గ్లవ్ పారేసుకున్నానని చెప్పి, దారి వదిలి, బురదలో అడ్డంపడి నేరుగా కిందికి పరుగెత్తింది.

సైకిల్ గోడకు ఆనించి, మెడలో బైనాక్యులర్స్‌తో ఒకడు రాయి దగ్గర నిలబడి ఉన్నాడు. పిట్టల్ని చూసేవాడి వేషం. పాలసీసా ఎత్తి, దాని కింది నుంచి వేలెడంత ఫిల్ము గొట్టం తీశాడు.

“ఆ పాలు మా తమ్ముడివి,” అంది ఈనిడ్.

వాడి చెయ్యి కోటులోకి పోయింది. ఫ్లాస్కు వాడి మణికట్టు మీద దిగింది. పిస్టల్ హెదర్ పూల పొదల్లో పడింది. రోడ్డు మలుపులో పోలీసు కారు కనిపించింది.

వాడిని పోలీసులు తీసుకుపోయారు. సంఘం వాళ్లు చుట్టు తిరిగి వచ్చేసరికి ఈనిడ్ ఒక్కతే రాయి మీద కూర్చుని ఉంది. ముందుగా చేరింది రోవెనా.

“గేటు ఎందుకు మూశావమ్మా?”

“గొర్రెలు బయటికి పోతాయని,” అంది రోవెనా. అన్నాక ఈనిడ్ మొహం చూసింది, నొక్కుపడిన ఫ్లాస్కును చూసింది. ఆమె తండ్రికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చిందని మిగతావాళ్లకు చెప్పారు. రోడ్డు మీద వేచి ఉన్న ఇన్‌స్పెక్టర్ మర్యాదగా తన కారు తలుపు తీశాడు.

సాయంత్రం భోజనాల దగ్గర క్లిఫర్డ్ మాంసం కదపలేదు. రేపే సెలవు పెట్టి వెస్ట్‌మోర్లాండ్ వెళ్తానని, ఆమె తండ్రిని చూసి పెళ్లిమాట కూడా అడుగుతానని అన్నాడు.

ఈనిడ్ చెప్పకూడనివి చాలా ఉన్నాయి. చెప్పదగింది ఒక్కటే.

“వాగుకు పోయే గేటు తెరిచి కట్టి ఉంటే, ఆ పిల్ల మూసేసిందిరా.”

తల్లి గ్రేవీ గిన్నె కింద పెట్టింది. “గొర్రెలవాళ్ల పిల్లేనా? నీళ్లకు పోయే గేటు మూసిందా?”

క్లిఫర్డ్ పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఫోర్కు అందుకున్నాడు.

“వచ్చే ఆదివారం నుంచి పాలు కలిపే పొయ్యక్కా,” అన్నాడు. “ఫ్లాస్కు మాత్రం కొత్తది కొందాం.”