బావ ముందు వెళ్లాడా?

కొండ కింద, కార్లు ఆపే చోట, ఉదయం ఆరున్నరకి మేం నలుగురం బూట్ల లేసులు బిగించుకుంటున్నాం. నేను బళ్లో డ్రిల్లు మాస్టర్ని. ఆదివారాలు ఇలా జనాన్ని పోగేసి కొండదారుల్లో పరుగెత్తించడం నాకు పదేళ్ల అలవాటు. ఆ రోజు నాతో వచ్చింది ముగ్గురు. నోరు మూతపడని పళ్ల డాక్టరు, కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందని చేరిన బస్సు డ్రైవరు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు. ముగ్గురూ ఈ ఏడాదే చేరారు. ఆ కొండ ఎక్కడం వాళ్లకి అదే మొదలు.

"మాస్టారూ, పైన జారితే పళ్లు ఊడతాయా?" అన్నాడు డాక్టరు.

"ఊడితే మీకేగా బేరం," అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా.

ఏడాదిగా ఆ కొండకి వెళ్లకుండా ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. వానలన్నాను, మోకాలన్నాను. చివరికి డాక్టరు, "ఏంటి మాస్టారూ, ఆ కొండతో మీకేమైనా గొడవా?" అని అడిగేశాడు. ఇక వెళ్లనంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అందుకే ఒప్పుకున్నాను.

సంగతి ఇది. కిందటేడు మా బావమరిది నాతో ఆ కొండ ఎక్కాడు. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై ఆరేళ్లు, భారీ మనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "మీతో తిప్పండి, కాస్త ఒళ్లు తగ్గుతుంది," అని నా భార్యే పంపింది. అప్పటి గుంపంతా దూసుకుపోతుంటే వాడు నా వెనక, "బావా, ఇంకెంత దూరం?" అంటూ వచ్చాడు. సగం దారిలో, కొండ వెన్ను చీలినట్టుండే గండి దగ్గర, కాలు బెణికింది. చీలమండ చూస్తుండగానే వాచింది. అక్కడ బల్లలాంటి చదును రాయి ఉంటే దాని మీద కూర్చోబెట్టాను. నొప్పుల స్ప్రే కొట్టి, డబ్బా చేతిలో పెట్టాను.

"ఇక్కడే కూర్చో. తిరిగొచ్చేటప్పుడు తీసుకెళ్తా," అన్నాను.

మిగతావాళ్లు అప్పటికే ముందుకి వెళ్లిపోయారు. ఆ మాట విన్నది వాడొక్కడే. ఆ రోజు నా కాళ్లు బాగా ఆడుతున్నాయి. నా పాత టైము కొట్టేయొచ్చనిపించింది. అంతకు మించి కారణం లేదు.

కొండ కొనకి చేరేసరికి వాన అందుకుంది. అవతలి వైపు తేలిక దారి ఉంది, అటే దిగుదామన్నారు మిగతావాళ్లు. దిగిపోయాం. వాడు తనంతట తనే కిందికి పోయుంటాడులే అనుకున్నాను. రెండో రోజు గండి కింద, లోయలో దొరికాడు.

ఇంట్లో ఏం చెప్పానంటే, "నొప్పిగా ఉందని తనే వెనక్కి తిరిగాడు, ఆగమన్నా వినలేదు," అని. పోలీసులకీ అదే, మా అత్తగారికీ అదే. చెప్పి చెప్పి నాకే కంఠతా వచ్చేసింది. నా భార్య నన్ను ఒక్క మాట అనలేదు. "పంపింది నేనే," అని తన్ను తానే తిట్టుకుంది. నేను ఆపలేదు.

ఇదంతా మడిచి జేబులో పెట్టుకుని నేను ముందు పరుగు మొదలుపెట్టాను. నా వెనక డ్రైవరు, ఆ తర్వాత డాక్టరు. ఎవరూ తప్పిపోకుండా చూసుకుంటూ చివరన రావడం నర్సు పని. ఆమె దగ్గరొక వాకీటాకీ, నా దగ్గరొకటి.

అరగంటలో చెట్లు అయిపోయాయి. ఆ పైన అంతా రాయి. దారి అంటే రెండు లోయల మధ్య మిగిలిన సన్నటి గట్టు, అంతే. కొన్ని చోట్ల మంచం వెడల్పు కూడా ఉండదు. కింద నుంచి పొగమంచు లేచింది. మొదట చీలమండల దాకా, తర్వాత నడుం దాకా. కాసేపటికి చాచిన నా చెయ్యే నాకు సరిగా కనపడలేదు. తడిసిన రాయి వాసన. బూటు కింద గులకరాయి కదిలితే అది లోయలోకి దొర్లడం వినిపించేది. అడుగుకి తగలడం మాత్రం వినిపించేది కాదు.

గండి వచ్చింది. తల తిప్పలేదు. చదును రాయి నా ఎడం చేతి పక్కనే ఉండాలి. నేను నా బూట్లనే చూసుకుంటూ దాటేశాను. దాటిన పది అడుగులకి ఒక వాసన ముక్కుకి తగిలింది. చల్లగా, ఘాటుగా... నొప్పుల స్ప్రే.

డాక్టరు కొట్టుకుని ఉంటాడులే, అనుకున్నాను.

రెండు వందల గజాల అవతల, దారి గుర్తుకి పేర్చిన రాళ్లకుప్ప దగ్గర ఆగాను. ముందుగా డ్రైవరు వచ్చాడు. ఊపిరి తీసుకుని అన్నాడు, "సార్, గండి దగ్గర ఎవరో కూర్చున్నారు. కాలు బాగాలేనట్టుంది. లేపబోతే వద్దన్నాడు."

"ఈ దారిన ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు," అన్నాను.

"మిమ్మల్ని ఎరిగినట్టే మాట్లాడాడు సార్. 'బావ ముందు వెళ్లాడా?' అని అడిగాడు."

నేను నీళ్లసీసా మూత తీశాను. తాగకుండానే మళ్లీ బిగించాను.

తర్వాత డాక్టరు వచ్చాడు. మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "ఎవరు మాస్టారూ అతను? ఇంకా ఎంతసేపు కూర్చోవాలో కనుక్కోమన్నాడు. పాపం, వానలో తడిసినట్టు నిలువునా తడిసి ఉన్నాడు."

ఆ రోజు వాన లేదు.

నర్సు కోసం చూశాం. ఐదు నిమిషాలు... పది. చివరికి వాకీటాకీ గరగరలాడింది. ఆమె గొంతు చాలా తగ్గించి మాట్లాడుతోంది.

"సార్, ఇక్కడొకాయన ఉన్నాడు. చీలమండ పూర్తిగా వాచిపోయింది. కట్టు కడుతున్నాను. ఎవరో ఇక్కడే కూర్చోమని చెప్పి వెళ్లిపోయారట. మళ్లీ రాలేదట." గుడ్డ చింపిన చప్పుడు. "ఎలాంటి మనుషులుంటారు సార్..."

"వదిలేసి వచ్చెయ్," అన్నాను.

"ఏంటి?"

"కింద ఊళ్లోవాళ్లకి ఫోన్ చేద్దాం. నువ్వు వచ్చెయ్."

"రాను సార్. వదిలేసి రాను."

డ్రైవరూ డాక్టరూ నన్నే చూస్తున్నారు. "నేను వెళ్తా సార్," అన్నాడు డ్రైవరు. అతను వెళితే ఆ రాయి దగ్గర ఏం వింటాడో... అది తలుచుకునే నేను వెనక్కి బయల్దేరాను. జాలితో కాదు. పరువు కోసం. మంచివాడిలా చెప్పుకోవడం ఇకనైనా మానాలి కదా.

రెండు వందల గజాలు. ఎప్పటికీ తరగలేదు. స్ప్రే వాసన అడుగడుక్కీ చిక్కబడింది. పొగమంచులో ముందు నర్సు వీపు కనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చదును రాయి వైపు తలెత్తి మెల్లగా అంది, "ఇదిగో, వచ్చారు."

రాయి మీద ఎవరూ లేరు.

కానీ... కొండంతా మంచుకి తడిసి నల్లగా నిగనిగలాడుతుంటే, ఆ రాయి మీద ఒక్క చోట మాత్రం పొడిగా ఉంది. భారీ మనిషి కూర్చునేంత మేర.

"సార్," నర్సు గుసగుసలాడింది. "మిమ్మల్ని ఏదో అడుగుతున్నాడు. వినపడటం లేదా?"

"లేదు."

"'ఇంట్లో ఏమని చెప్పావు బావా?' అంటున్నాడు."

గాలి ఆగిపోయింది. పారిపోదామంటే రెండు పక్కలా లోయ.

"తనే వెనక్కి వెళ్లిపోయాడని చెప్పాను," అన్నాను. "నేను కూర్చోమన్నానని చెప్పలేదు... వస్తానన్నానని చెప్పలేదు... ఎవరికీ చెప్పలేదురా."

నర్సు నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో భయం అప్పుడు మొదలైంది. రాయి చూసి కాదు, నన్ను చూసి.

తర్వాత ఆ పొడి మేర అంచుల నుంచి నల్లబడటం మొదలైంది. చెమ్మ మెల్లగా లోపలికి పాకి, మొత్తం మూసేసింది. ఎవరో లేచి వెళ్లినట్టు. నర్సు చేతిలో ఉండాల్సిన కట్టుగుడ్డ లేదు. కింద పడిందేమోనని వెతికాం. దొరకలేదు.

"మీరు ముందు నడవండి సార్," అంది ఆమె. "మీరు వెనక ఉంటే నాకు భయం."

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. మా ఆదివారాల గుంపు ఆ వారంతోనే చెదిరిపోయింది.

ఇంటికెళ్లి నా భార్యకి అంతా చెప్పాను. తను వంటింట్లో ఉంది. స్టవ్ కట్టేసి, చివరిదాకా నిలబడే వింది. ఏడవలేదు, అరవలేదు. ఒక్కటే అడిగింది, "ఎంతసేపు కూర్చున్నాడంటారు?"

నాకు తెలియదన్నాను. సాయంత్రం బట్టలు సర్దుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. నేను వీధి చివరి దాకా బ్యాగు మోశాను. అక్కడ నా చేతిలోంచి లాక్కుంది.

పది రోజులైంది. ఆ కొండ కింద బోర్డు మీద దారి తెలిసినవాళ్ల నంబర్లలో నాదీ ఒకటుంది. ఒక ఉదయం ఎవరో కొత్తతను ఫోన్ చేశాడు.

"సార్, ఇక్కడ గండి దగ్గర ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన, ఒకావిడ. పిలిస్తే రావడం లేదు. మీ వాళ్లా?"

"ఏమైనా అడిగారా?"

"ఏం అడగలేదు. ఆవిడ అతని తల తుడుస్తోంది, చేతుల్తోనే. అక్కలా ఉంది."

లైన్ తెగిపోయింది. వెంటనే మా అత్తగారింటికి ఫోన్ చేశాను. "ఇక్కడే ఉంది, రాత్రి నుంచి గడప దాటలేదు," అని ఆవిడ పొడిగా అని, ఫోన్ నా భార్యకి ఇచ్చింది.

వెనక గిన్నెల చప్పుడు, ఎవరింట్లోనో రేడియో.

"ఇక్కడ ఎండ మండిపోతోంది," అంది తను, నిద్రలోంచి మాట్లాడుతున్నట్టు. "నా చేతులు మాత్రం పొద్దుటి నుంచి తడిగానే ఉన్నాయండీ. ఎంత తుడుచుకున్నా ఆరడం లేదు."